లెక్సింగ్టన్‌లో తుపాకీ పేలేసరికే సగం పని అయిపోయింది

ఏప్రిల్ వస్తే చాలు మా మసాచుసెట్స్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి తిరగడం మొదలవుతుంది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో అమెరికావాళ్ళు తుపాకీ పట్టారు, 1783కల్లా తెల్లదొరల్ని తరిమేశారు, మనవాళ్ళు రాట్నం తిప్పుకుంటూ ఉప్పు వండుకుంటూ కూర్చున్నారు కాబట్టి 1947 దాకా పడిగాపులు పడాల్సొచ్చింది, ఇదీ దాని సారాంశం. 2025లో 250 ఏళ్ళ పండగ జరిగింది కదా, అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. చదువుకున్నవాళ్ళు, మంచి ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లలకి చరిత్ర చెప్పాలని తాపత్రయపడేవాళ్ళు కూడా "కరెక్టే కదండీ" అని దండం బొమ్మ పెట్టి ఇంకో గ్రూపుకి పంపించేస్తున్నారు.

ఈ మాట తప్పని నాకు గట్టిగా అనిపిస్తుంది. గాంధీగారి మీద గౌరవంతోనో ఇంకెవరినో వెనకేసుకురావడానికో చెప్పట్లేదు. ఆ ఏప్రిల్ 19 అనే రోజుని దగ్గరగా చూస్తే, దానికి ముందు ఎనిమిది తొమ్మిది నెలలు ఇక్కడి పల్లెటూళ్ళలో ఏం జరిగిందో చూస్తే, తుపాకీ పట్టడం వల్ల స్వతంత్రం వచ్చింది అనే వాక్యం నిలబడదు. స్వతంత్రం చాలావరకు అప్పటికే వాళ్ళ చేతిలో ఉంది, తుపాకీ దాన్ని కాపాడుకోవడానికి వచ్చింది. నేను ఆఫీసుకి వెళ్ళే దారి, 2ఏ రోడ్డు, సరిగ్గా ఆ యుద్ధం జరిగిన బాట పక్కనే పోతుంది, అందుకే ఈ ఊళ్ళ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

పార్కర్ ఏం చెప్పాడు

సైన్యం వస్తోందని రాత్రి గుర్రమెక్కి ఊళ్ళని లేపిన పాల్ రెవీర్ కథ అందరికీ తెలిసిందే, వదిలేస్తాను. బోస్టన్‌లో కూర్చున్న బ్రిటిష్ సేనాని, మసాచుసెట్స్ గవర్నరూ అయిన జనరల్ గేజ్, కాంకర్డ్‌లో దాచిన ఫిరంగులూ మందుగుండూ పట్టుకురమ్మని సుమారు 700 మంది సిపాయిల్ని రాత్రికి రాత్రి పంపించాడు. వాళ్ళ ముందు దళం లెక్సింగ్టన్ గ్రీన్ (ఊరి మధ్య పచ్చిక మైదానం) దగ్గరకి చేరేసరికి పొద్దు పొడుస్తోంది. అక్కడ కెప్టెన్ జాన్ పార్కర్, ఆయన వెనక 77 మంది ఊరివాళ్ళు ఉన్నారు. పార్కర్‌కి 45 ఏళ్ళు, రైతు, టీబీ ఉంది, ఆ సెప్టెంబరుకే చనిపోయాడు.

గ్రీన్ మీద ఇప్పుడు ఒక బండరాయి ఉంటుంది, యుద్ధం కావాలంటే ఇక్కడే మొదలవనివ్వండి అని పార్కర్ గర్జించినట్టు దాని మీద చెక్కారు. టూరిస్టులందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. కానీ ఆ మాట రికార్డులోకి ఎక్కింది ఆయన పోయిన కొన్ని దశాబ్దాల తరవాత. ఆయన బతికుండగా, ఆ కాల్పులు జరిగి వారం తిరక్కుండానే, ఏప్రిల్ 25న ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఒకటుంది. అందులో ఏముందంటే, సైన్యం వస్తోందని తెలిసి ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికి మావాళ్ళని గ్రీన్ దగ్గర కలవమన్నాను, వాళ్ళు మన జోలికి వస్తే తప్ప మనం వాళ్ళ జోలికి పోవద్దని అనుకున్నాం, వాళ్ళు హఠాత్తుగా వచ్చిపడేసరికి వెంటనే మావాళ్ళని చెదిరిపొమ్మని, కాల్చవద్దని చెప్పాను, అంతలోనే సిపాయిలు మీదకి దూకి కాల్చి ఎనిమిది మందిని చంపేశారు, అని.

మాట్లాడుకోవడానికి కలిశారట, వెళ్ళిపొమ్మన్నాడట. కోర్టు పనికొచ్చే కాగితం కాబట్టి తమ తప్పు లేదన్నట్టు రాయించుకుని ఉంటారు, అది కూడా ఆలోచించాలి నిజమే. కానీ జరిగినదాన్ని బట్టి చూసినా అది గెలుపు కాదు. ఇటువైపు ఎనిమిది మంది చచ్చిపోయారు, పదిమందికి గాయాలు, అటువైపు ఒక్క సిపాయికి దెబ్బ తగిలింది. గ్రీన్ అంచునే ఇల్లున్న జోనథన్ హారింగ్టన్ తూటా తగిలాక పాక్కుంటూ తన గుమ్మం దాకా వెళ్ళి భార్య ముందు ప్రాణం వదిలాడని ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు, ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. గాయపడినవాళ్ళలో ప్రిన్స్ ఎస్టాబ్రుక్ అనే నల్లజాతి మనిషి కూడా ఉన్నాడు, అప్పటికి అతను బానిస.

మొదట ఎవరు కాల్చారు అనేది ఎవరికీ తెలీదు. బ్రిటిష్ మేజర్ పిట్‌కైర్న్ మావాళ్ళు కాదన్నాడు, పార్కర్ మనుషులు మేం కాదన్నారు. పుస్తకాలకి పుస్తకాలు రాశారు దీని మీద. నాకైతే ఆ ప్రశ్న వల్ల పెద్దగా తెలిసేదేం లేదనిపిస్తుంది. ఎందుకంటే అంతకుముందు సెప్టెంబరు నుంచీ ఈ ప్రాంతంలో మూడు నాలుగు సార్లు సరిగ్గా ఇలాగే మందుగుండు కోసం రెండు పక్షాలూ ఎదురుపడ్డాయి, ఎవరో ఒకరు వెనక్కి తగ్గారు కాబట్టి చావులు లేవు. ఏప్రిల్‌లో అలా కుదరలేదు, అంతే.

అంతకుముందు ఏడాది వూస్టర్‌లో

పన్ను మీద కోపంతో 1773లో బోస్టన్‌వాళ్ళు ఓడల్లో టీ పారబోసిన గొడవ తెలిసిందే, ఒక్క మాట మాత్రం చెప్పి ముందుకెళ్తాను. బోస్టన్ హార్బర్‌లో పారబోసిన టీ మన టీ అని మనవాళ్ళు గర్వంగా చెబుతుంటారు, అది చైనా టీ. మనకి సంబంధం ఉన్నది ఆ టీ అమ్మిన కంపెనీతో. 1770 కరువులో బెంగాల్‌ని అంతలా పిండాక కూడా దివాళా అంచుకి వచ్చిన ఈస్టిండియా కంపెనీని నిలబెట్టడానికే 1773లో ఆ టీ చట్టం తెచ్చారు.

ఆ పారబోతకి శిక్షగా 1774లో పార్లమెంటు బోస్టన్ పోర్టు మూసేసింది. పల్లెటూళ్ళవాళ్ళకి అసలు మండింది ఇంకో చట్టం వల్ల. మసాచుసెట్స్‌లో ప్రతి ఊరికీ టౌన్ మీటింగ్ ఉండేది, ఊరి మగవాళ్ళు ఒకచోట చేరి రోడ్డు ఎక్కడ వెయ్యాలి, పంతులికి జీతం ఎంత, పన్ను ఎంత అన్నీ అక్కడే ఓటేసి తేల్చుకునేవాళ్ళు. కొత్త చట్టం ప్రకారం ఏడాదికి ఒక్క మీటింగే, ఇంకోటి పెట్టుకోవాలంటే గవర్నర్ అనుమతి కావాలి. కౌన్సిల్ సభ్యుల్ని రాజు నియమిస్తాడు, జడ్జిల్ని, షెరీఫుల్ని గవర్నర్ నియమిస్తాడు, జ్యూరీలని ఆ షెరీఫులు ఏరుకుంటారు. అప్పు తీర్చలేని రైతు పొలం జప్తు చేసేది ఆ కోర్టే కదా, దాన్ని పూర్తిగా లండన్ చేతిలో పెడితే ఎవడూరుకుంటాడు.

దానికి వాళ్ళు చేసిన పని చూడండి. 1774 ఆగస్టులో పడమటి కొసన గ్రేట్ బారింగ్టన్‌లో జనం కోర్టు గుమ్మానికి అడ్డంగా నిలబడి జడ్జిల్ని లోపలికి పోనివ్వలేదు. తరవాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అదే జరిగింది. సెప్టెంబర్ 6న వూస్టర్‌లో జరిగింది మాత్రం నాకు ఈ మొత్తం కథలోకెల్లా పెద్ద ఘట్టం అనిపిస్తుంది. చుట్టుపక్కల 37 ఊళ్ళ నుంచి మిలీషియా కంపెనీలు, అంటే ఊరి మగవాళ్ళే సిపాయిలుగా ఉండే దళాలు, వచ్చాయి, వచ్చినవాళ్ళని ఒకాయన కంపెనీ కంపెనీకీ లెక్క రాసిపెట్టాడు, మొత్తం 4,622 మంది. ఆ జిల్లాలో పెద్ద మగవాళ్ళలో సగం మంది దాకా అన్నమాట. జనం కోర్టు మూసేస్తే జడ్జిలు దగ్గర్లో ఒక టావర్న్‌లో (పూటకూళ్ళ ఇల్లు లాంటిది) కూర్చున్నారు. ప్రతి కంపెనీ ఒక మనిషిని ఎన్నుకుని పంపింది, వాళ్ళు లోపలికెళ్ళి జడ్జిలతో రాజీనామా లాంటి కాగితం రాయించుకొచ్చారు, బయట ఉన్న కంపెనీలకి అది చూపిస్తే, ఇది చాలదు, మెతగ్గా ఉంది, మళ్ళీ రాయించండి అన్నారు. మళ్ళీ రాయించారు. మధ్యాహ్నం మెయిన్ స్ట్రీట్‌కి అటూ ఇటూ ఊరు ఊరుగా వరసలో నిలబడ్డారు. జడ్జిలు, షెరీఫ్, లాయర్లు టోపీలు చేత్తో పట్టుకుని ఆ వరసల మధ్య నుంచి నడుస్తూ, ఆ కొత్త చట్టం కింద మేం పని చెయ్యం అని కాగితం చదువుతూ వెళ్ళారు. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ చదివారు. అలా ముప్ఫైకి పైగా సార్లు చదివించారు.

సైన్యం వస్తుందేమో అని తుపాకులు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ రోజు ఒక్క తూటా పేలలేదు. గేజ్ వూస్టర్‌కి సైన్యం పంపి కోర్టు నడిపిద్దామని అనుకున్నాడు కూడా, పరిస్థితి చూసి విరమించుకున్నాడు. ఆ రోజుతో ఆ జిల్లాలో బ్రిటిష్ అధికారం ముగిసిపోయింది, మళ్ళీ ఎప్పుడూ తిరిగి రాలేదు. నెల తిరిగేసరికి, అక్టోబర్ 4న, వూస్టర్ టౌన్ మీటింగ్ తమ ప్రతినిధి టిమోతీ బిగెలో అనే కమ్మరికి రాతపూర్వకంగా చెప్పింది, పాత ప్రభుత్వం రద్దయిపోయినట్టే లెక్క, కొత్తది కట్టే పని చూడు అని. ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు స్వతంత్ర ప్రకటనని ఆమోదించడానికి ఇంకా 21 నెలలు ఉంది అప్పటికి!

అదే అక్టోబర్‌లో వాళ్ళు సొంతంగా ప్రొవిన్షియల్ కాంగ్రెస్ అనే సభ పెట్టుకున్నారు, రాజుగారి ట్రెజరర్‌కి పన్ను కట్టొద్దు, స్టో ఊరి హెన్రీ గార్డ్‌నర్‌కి కట్టండి అని ఊళ్ళకి చెప్పారు. మిలీషియాలోంచి నాలుగో వంతు మందిని నిమిషాల్లో బయల్దేరేలా సిద్ధం చెయ్యమన్నది కూడా అప్పుడే, మినిట్‌మెన్ అంటే వాళ్ళే. లెక్సింగ్టన్ ఊరు ఆ చలికాలం ముందు టౌన్ మీటింగ్ పెట్టి, వాటర్‌టౌన్ నుంచి రెండు ఫిరంగులు తెప్పించాలి, కంపెనీకి జత డ్రమ్ములు కొనాలి అని ఓటేసింది. డ్రమ్ములు కొనడానికి కూడా ఓటే! ఏప్రిల్ 19 తెల్లారుజామున విలియం డైమండ్ అనే కుర్రాడు డ్రమ్ము కొడితే పార్కర్ మనుషులు గ్రీన్ దగ్గరకి పరిగెత్తుకొచ్చారు కదా, దాని వెనక ఇంత ఉంది.

మందుగుండు కోసం ఎదురుపడ్డ సంగతులు తొందరగా చెప్పేస్తాను. 1774 సెప్టెంబర్ 1న గేజ్ మనుషులు ఇప్పటి సోమర్‌విల్‌లో ఉన్న మందుగుండు గిడ్డంగి ఖాళీ చేసి తీసుకెళ్ళారు, బోస్టన్ మీద ఫిరంగులు పేలాయి, మనుషులు చచ్చారు అని పుకారు లేచి మర్నాటికల్లా వేల మంది కేంబ్రిడ్జికి వచ్చిపడ్డారు. డిసెంబర్ 14న న్యూ హాంప్‌షైర్‌లో పోర్ట్స్‌మత్ దగ్గర సుమారు 400 మంది కోటలోకి దూకి వంద పీపాల దాకా మందుగుండు ఎత్తుకెళ్ళారు, లోపలున్న గుప్పెడు సిపాయిలు ఫిరంగులు పేల్చారు కూడా, ఎవరికీ తగల్లేదు. అంటే మొదటి తూటా అని అంత పట్టుబడితే ఆ లెక్కన అది న్యూ హాంప్‌షైర్ వాళ్ళకి చెందాలి. 1775 ఫిబ్రవరి 26 ఆదివారం సేలంలో లెఫ్టినెంట్ కర్నల్ లెస్లీ ఫిరంగుల కోసం వస్తే ఊరివాళ్ళు వంతెన పైకెత్తేశారు. గంటల తరబడి వాదులాట, ఒకతను చొక్కా విప్పి పొడవమని గుండె చూపిస్తే సిపాయి బయొనెట్‌తో గీరాడు. చివరికి ఒప్పందం ఏంటంటే, వంతెన దించుతాం, మీరు కొన్ని గజాలు నడిచి ఆజ్ఞ పాటించాం అనిపించుకుని వెనక్కి వెళ్ళిపోండి. వెళ్ళిపోయారు.

పెదనందిపాడు పెద్దాయన అభ్యంతరం

ఇదంతా మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఒక ఆదివారం భోజనాల దగ్గర చెబుతుంటే, వాళ్ళ మావగారు వింటున్నారు, పిల్లల దగ్గరకని వచ్చారు, వాళ్ళది పెదనందిపాడు దగ్గర ఊరు. "అమ్మాయ్, నువ్వు చెప్పేదంతా మా ఊళ్ళల్లో జరిగిందేగా" అన్నారు. నిజమే. 1921, 22ల్లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టం అన్నారు, మునసబులూ కరణాలూ రాజీనామాలు చేశారు, వసూలు చేసే మనిషే లేకుండా పోయాడు. అంతకు కొంచెం ముందు చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద మునిసిపల్ పన్నులు కట్టకుండా వేలమంది ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారు. వూస్టర్ రైతు చూస్తే వెంటనే గుర్తుపట్టేవాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. "మరి మాకెందుకు రాలేదు? మిలిటరీ వచ్చింది, గాంధీగారు చౌరీచౌరా తరవాత ఆపెయ్యమన్నారు, ఆగిపోయింది. ఇక్కడివాళ్ళ దగ్గర తుపాకులున్నాయి కాబట్టి ఆగలేదు. అంటే ఆ వాట్సాప్ వాడు చెప్పిందే రైటు కదా" అన్నారు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇది నన్ను చాలా రోజులు తొలిచింది, ఇప్పటికీ పూర్తిగా తేలిందని అనను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 1774ని అహింసాయుతం అని పిలిస్తే అబద్ధం అవుతుంది. టోపీ తీసి నడిచిన జడ్జి భయంతో నడిచాడు. రాజు పక్షం వహించినవాళ్ళ ఇళ్ళ మీద పడ్డారు, కిటికీలు పగలగొట్టారు, ఒళ్ళంతా తారు పూసి ఈకలు అంటించి ఊరేగించిన సంఘటనలున్నాయి, చాలా కుటుంబాలు బోస్టన్‌కి పారిపోయాయి. కాబట్టి వూస్టర్‌ని తీసుకొచ్చి గాంధీగారి ఖాతాలో వెయ్యడం నా ఉద్దేశం కాదు. నేను అంటున్నది చిన్న మాట, అధికారం చేతులు మారింది ఊరంతా కలిసి మేం నీ మాట వినం అన్నప్పుడు, ఆ మాట అన్నాక కోర్టు, పన్ను, సైన్యం అన్నీ తామే నడుపుకున్నప్పుడు. చంపడం వల్ల మారలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఇక్కడి తెల్లవాళ్ళతో గేజ్ ప్రవర్తించినట్టు మనతో ఎవరూ ప్రవర్తించలేదు. ఆయన భార్య మార్గరెట్ న్యూజెర్సీ పిల్ల. ఎదురుగా ఉన్నవాళ్ళు అదే భాష మాట్లాడే ఇంగ్లీషువాళ్ళు. ఆరేడు నెలలు వెనకా ముందూ ఆడాడు, లండన్‌కి ఉత్తరాలు రాశాడు, సేలంలో అయితే ఆయన మనుషులు వంతెన దగ్గర బేరమాడి వెనక్కి వెళ్ళిపోయారు. 1857లో మన సిపాయిల్ని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళాడు, మన్యం వాళ్ళతో వంతెన దగ్గర బేరాలాడటానికి ఎవరూ రాలేదు, మలబార్ పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది, 1924 మేలో ఆయన్ని పట్టుకుని కాల్చేశారు. తుపాకీ పడితే చాలు అనేవాళ్ళు మన్యం సంగతి ఎందుకు మర్చిపోతారో నాకు అర్థం కాదు. మనవాళ్ళూ తుపాకీ పట్టారు, చాలాసార్లు పట్టారు.

ఇంకా చేదు విషయం ఏంటంటే, ఆ టౌన్ మీటింగ్‌లో ఆడవాళ్ళకి ఓటు లేదు, కాంకర్డ్‌లోనూ లెక్సింగ్టన్‌లోనూ బానిసలున్నారు, ఆ భూమి అసలు ఎవరిదో ఆ మాట ఎత్తేవాడే లేడు. మమ్మల్ని బానిసల్ని చేస్తున్నారని రాజు మీద కేకలు పెట్టినవాళ్ళ ఇళ్ళలోనే బానిసలున్నారు. నేను వూస్టర్‌ని మెచ్చుకుంటుంటే ఇది గొంతులో అడ్డం పడుతూనే ఉంటుంది, పడాలి కూడా.

కాంకర్డ్ నుంచి బోస్టన్ దాకా

సరే, ఆ రోజు మిగతా కథకి వస్తాను. లెక్సింగ్టన్ తరవాత సైన్యం కాంకర్డ్ వెళ్ళింది. ఫిరంగులు చాలావరకు ముందే వేరే ఊళ్ళకి తరలించేశారు. దొరికిన చెక్కబళ్ళూ అవీ సిపాయిలు తగలబెడితే మంట పక్కనున్న టౌన్‌హౌస్‌కి అంటుకుంది. అక్కడ మార్తా మౌల్టన్ అని 71 ఏళ్ళ విధవరాలు, ఊళ్ళో మగవాళ్ళందరూ వెళ్ళిపోయినా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె సిపాయిల దగ్గరకి వెళ్ళి మంట ఆర్పమని బతిమాలింది, వాళ్ళు ముసలమ్మని కసిరారు, ఆమె నీళ్ళ బకెట్టు పట్టుకుని వదల్లేదు, చివరికి వాళ్ళే ఆర్పారు. ఇదంతా మనకెలా తెలుసంటే, మర్సటేడు ఫిబ్రవరిలో ఆమె ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది, నేను ఊరిని కాపాడాను, పేదదాన్ని, ఏదైనా ఇప్పించండి అని. మూడు పౌన్లు ఇచ్చారు. ఓటు లేని ఆ మనిషి ఆ రోజు కాంకర్డ్ నడివీధిలో చేసింది ఏ విగ్రహం మీదా లేదు.

అయితే ఊరి బయట గుట్ట మీద నిలబడ్డ 400 మంది మిలీషియాకి కనపడింది ఆ పొగ మాత్రమే. ఊరు తగలబెడుతున్నారు అనుకున్నారు. అందుకే నార్త్ బ్రిడ్జి మీదకి కదిలారు. ముందు వరసలో ఆక్టన్ కంపెనీ, దాని కెప్టెన్ ఐజాక్ డేవిస్ తుపాకులు బాగుచేసే పనివాడు, 30 ఏళ్ళు, తన కంపెనీ మనుషులందరికీ బయొనెట్లు తనే తయారుచేసి పెట్టాడు. సిపాయిలు కాల్చిన మొదటి కాల్పుల్లోనే చనిపోయాడు. ఆ తరవాతే ఇటువైపు నుంచి కాల్చమని ఆర్డర్ వచ్చింది. కాల్చొద్దు, వాళ్ళు కాలిస్తేనే కాల్చండి అని మిలీషియా కర్నల్ బారెట్ ముందే చెప్పి ఉంచాడు, అంతమందీ ఆ మాట మీద నిలబడ్డారు. ఒక గుంపు అలా నిలబడుతుందా? ఏడాదిగా మీటింగులు పెట్టుకుని, ఓటేసి తమ ఆఫీసర్లని తామే ఎన్నుకున్నవాళ్ళు కాబట్టి నిలబడ్డారు.

మధ్యాహ్నం నుంచి సైన్యం బోస్టన్‌కి వెనక్కి తిరిగితే దారి పొడుగునా ఊరి తరవాత ఊరు కంపెనీలు వచ్చి కలుస్తూనే ఉన్నాయి, సాయంత్రానికి నాలుగు వేల మంది దాకా అయ్యారు. లార్డ్ పెర్సీ వెయ్యి మందితో రెండు ఫిరంగులతో ఎదురొచ్చి కాపాడకపోతే ముందువాళ్ళు బతికి బయటపడేవాళ్ళు కాదు. వీళ్ళని చెల్లాచెదురు మూక అనుకున్నవాడు పొరబడతాడని మర్నాడు పెర్సీ స్వయంగా ఉత్తరం రాశాడు. శత్రువుకే అర్థమైంది.

తుపాకీ మీద మోజున్నవాళ్ళు బ్రిడ్జి దగ్గర ఆగిపోకుండా ఆర్లింగ్టన్ వెళ్ళి జేసన్ రసెల్ ఇల్లు చూడాలని నా కోరిక. అప్పట్లో ఆ ఊరి పేరు మెనాటమీ, ఆ రోజు ఎక్కువ చావులు జరిగింది అక్కడే. రసెల్‌కి 58 ఏళ్ళు, కుంటివాడు, నా ఇల్లు నా కోట అని గుమ్మంలో నిలబడ్డాడు, ఆయన్నీ, ఆ ఇంట్లోకి పారిపోయి దూరిన ఇంకో పదకొండు మందినీ చంపేశారు. గోడల్లో తూటా రంధ్రాలు ఇప్పటికీ చూపిస్తారు. ఇటువైపు వాళ్ళూ తక్కువ తినలేదు, నార్త్ బ్రిడ్జి దగ్గర గాయపడి పడున్న ఒక సిపాయిని ఒక కుర్రాడు గొడ్డలితో తలమీద కొట్టి చంపాడు, దాంతో గాయపడ్డవాళ్ళ తల చర్మం ఒలుస్తున్నారని సిపాయిల్లో పుకారు పుట్టి, దారిలో ఇళ్ళ మీద ఆ కసి తీర్చుకున్నారు. రోజు ముగిసేసరికి బ్రిటిష్ వాళ్ళు 73 మంది, ఇక్కడివాళ్ళు 49 మంది చనిపోయారు. ఇందులో వాట్సాప్ బొమ్మకి పనికొచ్చేది నాకేం కనపడదు.

కాగితాల పరుగు

కాల్పులు ఆగిన నాలుగు రోజులకే వాళ్ళు మొదలుపెట్టిన పని సాక్షుల దగ్గర వాంగ్మూలాలు రాయించుకోవడం. పార్కర్‌ది కూడా అలా తీసుకున్నదే. సుమారు వంద మంది, తమవాళ్ళే కాదు పట్టుబడ్డ బ్రిటిష్ సిపాయిలతో సహా, జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పారు. గేజ్ రిపోర్టు ఏప్రిల్ 24నే సుకీ అనే ఓడలో బయల్దేరింది. సేలం నుంచి జాన్ డెర్బీ నాలుగు రోజులు ఆలస్యంగా, సరుకు లేకుండా ఖాళీగా, క్వెరో అనే చిన్న వేగమైన ఓడలో బయల్దేరి మే 28కల్లా లండన్‌లో దిగి ఆ వాంగ్మూలాలు పంచిపెట్టాడు. గేజ్ రిపోర్టు చేరడానికి ఇంకో పది రోజులపైనే పట్టింది, ఆ పది రోజులూ లండన్‌లో పేపర్లన్నీ డెర్బీ తెచ్చిన కథే అచ్చేశాయి. వాటితో పాటు వెళ్ళిన ఉత్తరంలో మేం ఇంకా రాజుగారి విధేయులమే అని రాశారు, అందులో స్వతంత్రం అనే మాటే లేదు. యుద్ధం మొదలైపోయింది, తాము పోరాడుతున్నది స్వతంత్రం కోసమని చెప్పుకోవడానికి ఇంకా ఏడాది పైన పట్టింది, కానీ కోర్టులు, పన్నులు, మిలీషియా అన్నీ అప్పటికే వాళ్ళవి.

ఇక పెద్దాయన ప్రశ్న. తరవాత ఫోనులో మాట్లాడినప్పుడు నాకు తోచింది చెప్పాను. మసాచుసెట్స్‌లో మగవాడన్నవాడు తుపాకీ ఉంచుకోవాలన్నది చట్టం, మిలీషియాలో ఉండటం బాధ్యత. మనకి 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేకుండా ఇంట్లో తుపాకీ ఉంచుకోనివ్వలేదు. గేజ్ దగ్గర బోస్టన్‌లో మూడు నాలుగు వేల సైన్యం, ఇంకా కావాలంటే లండన్‌కి ఉత్తరం పోవడానికే నెల పైన. గుంటూరుకి రైలుంది, టెలిగ్రాఫ్ ఉంది, మద్రాసులో ఆర్డరేస్తే మర్నాటికి దిగుతారు. కాబట్టి తుపాకీ లెక్కలోకి రాదని నేను అనట్లేదు, అందుకే సగం పని అన్నాను. ఆ సగం లేకపోతే గేజ్ వూస్టర్‌లో కోర్టు మళ్ళీ తెరిపించేవాడేమో. కానీ మొదటి సగం లేకుండా రెండో సగం ఒక్కటే ఉన్నప్పుడు ఏమవుతుందో మన్యంలో చూశాం. ఆయన అంతా విని, "మొదటి సగం మా దగ్గరుంది, రెండోది మన్యంలో ఉంది, రెండూ ఒకే జిల్లాలో ఉండుంటే ఏమయ్యేదో" అన్నారు. పెదనందిపాడులో శిస్తు ఆపేసిందీ, చింతపల్లి స్టేషన్ మీద దాడీ ఒకే ఏడాదిలో, 1922లో. నేను ఆ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు, ఇప్పుడు దాని గురించే చదువుతున్నాను.